చివరి గడి తర్వాత

అచ్యుతరావు గారి ప్రోగ్రాంలో తప్పుందని కెజియాకి సెమినార్‌కి ముందు రోజే తెలుసు. తెలిసి కూడా ఆయనకి ఫోన్ చెయ్యలేదు.

తాడేపల్లిగూడెంలో ఎం.టెక్ చివరి ఏడాదిలో ఉంది కెజియా. ఆమె ప్రాజెక్టు, సి భాషలో రాసిన ప్రోగ్రాంని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే ఒక చిన్న కంపైలర్ మీద. సి భాషలో పాతిక అంకెలు దాచుకోవాలంటే పాతిక గళ్ల వరస ఒకటి తీసుకుంటారు. ఆ గళ్లను ఒక్కొక్కటీ చూపించే వేలు లాంటిది పాయింటర్. వేలు పొరపాటున ఆ వరస దాటిపోయి, అవతల ఉన్నదాన్ని చదివినా చెరిపినా సి భాష నోరెత్తదు. అవతల ఇంకెవరి సరుకో ఉంటుంది. ప్రోగ్రాం అప్పటికి బాగానే నడిచి, ఎప్పుడో సంబంధం లేని చోట కుప్పకూలుతుంది. ప్రతి పాయింటరూ ఏ వరసకి చెందిందో, ఆ వరస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంపైలర్ చేతే గుర్తుపెట్టించి, హద్దు దాటగానే ప్రోగ్రాంని ఆపించడం కెజియా చేసిన పని. దానికోసం దాదాపు ఏడాది కష్టపడింది.

"నువ్వు రాసుకున్న బొమ్మ ప్రోగ్రాముల మీద కాదు, నిజంగా ఎక్కడో పనిచేస్తున్న ప్రోగ్రాం మీద నడిపి చూపించు. అప్పుడు నమ్ముతారు," అన్నారు గైడ్ పద్మప్రియ మేడమ్.

కెజియాకి వెంటనే అచ్యుతరావు గారు గుర్తొచ్చారు. ఏలూరులో బి.టెక్ చదివేటప్పుడు ఆమెకి సి నేర్పింది ఆయనే. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక రొయ్యల చెరువులకి ఒక డబ్బా తయారుచేశారు. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో అది కొలుస్తూ ఉంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే తనంతట తానే ఏరేటర్లు తిప్పి నీళ్లకి గాలి ఎక్కిస్తుంది, రైతు ఫోన్ మోగిస్తుంది. కైకలూరు చుట్టుపక్కల చాలా చెరువుల మీద ఆ డబ్బాలు ఉన్నాయి. వాటిలో నడిచేది ఆయన స్వయంగా రాసిన సి ప్రోగ్రాం.

అడిగిన సాయంత్రమే ప్రోగ్రాం మొత్తం పంపించారాయన. "పరీక్ష పెట్టమ్మా. రెండు డబ్బాలు ఆ మధ్య ఊరికే ఆగిపోయేయి. చెమ్మ దిగిందేమో అనుకున్నాను గానీ, లోపల ఎక్కడైనా లోటుంటే నాకూ తెలుస్తుంది. సెమినార్‌కి నేనూ వస్తాను," అన్నారు ఫోన్‌లో.

సెమినార్‌కి ముందు రోజు మధ్యాహ్నం కెజియా దాన్ని తన కంపైలర్‌తో నడిపింది. పాతిక కొలతలు కలిపి సగటు తీసే చోట టక్కున ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు: హద్దు దాటింది.

కెజియా ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆయన పేరు దాకా వెళ్లి ఆగింది. ముందే చెప్పేస్తే ఆయన ఈ రాత్రికే సరిదిద్ది పంపిస్తారు, రేపు చూపించడానికి ఏముంటుంది? హాల్లో సగం మంది లెక్చరర్లు ఆయన శిష్యులే. వాళ్ల గురువు గారి ప్రోగ్రాంలో ఆయనకే తెలియని తప్పు పట్టుకుంటే ఎంత బావుంటుంది! సార్ ఏమీ అనుకోరులే అని సర్దిచెప్పుకుని ఫోన్ పక్కన పడేసింది.

మర్నాడు ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని ఏలూరు నుంచి రైల్లో వచ్చారు. అందరూ లేచి నిలబడి ముందు వరసలో చోటిచ్చారు. కెజియా చక్కగా మాట్లాడింది. చివర్లో, "ఇప్పుడు అచ్యుతరావు సార్ గారి ప్రోగ్రాం నడుపుతానండీ," అని మీట నొక్కింది. ఎర్ర అక్షరాలు తెర నిండా వచ్చాయి.

"సార్ గారి ప్రోగ్రాం తన వరస దాటి పక్క మెమరీని చదువుతోందండీ," అంది.

వెనక నుంచి ఒక లెక్చరర్ గట్టిగా అన్నాడు: "దీనికే కదండీ మాకు ఇంటర్నల్స్‌లో సున్నాలు వేసేవారు సార్!"

హాలంతా గొల్లుమంది. కెజియా కూడా నవ్వింది.

అచ్యుతరావు గారు లేచి తెర దగ్గరకి వచ్చారు. కళ్లజోడు పైకి తోసుకుని, "ఎక్కడమ్మా?" అని అడిగారు.

"ఇదిగోండీ, ఈ లైను."

ఆయన ఆ లైను వంక చాలాసేపు చూశారు. నవ్వులు ఆగిపోయి, కుర్చీల చప్పుడు వినపడేంత సేపు. తర్వాత తలాడించి, "మంచి పని చేసేవమ్మా. ఇలాంటిది మా రోజుల్లో లేదు," అన్నారు. భోజనానికి ఉండమంటే రైలు టైమైందని వెళ్లిపోయారు.

ఓ వారానికి ఆయన ఫోన్ చేశారు. కెజియా అప్పుడు మేడమ్‌తో కూర్చుని పేపర్ రాస్తోంది. "బిజీగా ఉన్నానండీ, నేనే చేస్తాను సార్," అని పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు.

పేపర్ కోసం మరికొన్ని ప్రోగ్రాముల మీద నడపాలన్నారు మేడమ్. ఏళ్ల తరబడి లోకమంతా వాడుతున్న ప్రోగ్రాములు తెచ్చి నడిపింది కెజియా. మొదటిది ఆగిపోయింది. రెండోదీ ఆగిపోయింది. సాయంత్రానికి అన్నీ ఆగిపోయాయి. ఆ రోజు ఆమెకి కాళ్లు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్లుగా ఇంతమందికి కనపడని తప్పులు తనకి కనపడ్డాయనుకుంది. మర్నాడు ఉదయం కాఫీ తాగుతుంటే మొదటిసారి భయం వేసింది. ఇంతమందీ తప్పు రాశారా?

ఆగిపోయిన చోట్లన్నీ వరసగా తీసి చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. వేలు మొదటి గడి నుంచి ఒక్కొక్కటే జరుగుతూ వెళ్తోంది. చివరి గడి అయ్యాక ఇంకొక్క అడుగు జరిగి, అయిపోయిందని తెలుసుకుని ఆగుతోంది. ఆ అడుగులో ఏమీ చదవడం లేదు, ఏమీ రాయడం లేదు. సి భాష నియమాల పుస్తకం తెరిచింది. చివరి గడి దాటిన వెంటనే ఉండే చోటిని పాయింటర్ చూపించవచ్చునని, అక్కడున్నది చదవడం, రాయడం మాత్రమే కూడదని అందులో స్పష్టంగా ఉంది. కెజియా ఎప్పుడూ వేలు జరపకుండా గడి నంబరు వేసి రాసేది కాబట్టి ఆమె ప్రోగ్రాముల్లో ఆ అడుగు ఎప్పుడూ రాలేదు. ఆమె కంపైలర్ అడుగు పడగానే అరిచేది. చదివిందా లేదా అని చూసేదే కాదు. పక్క మెమరీని చదువుతోందన్న మాట తెర మీద కూడా లేదు. హాల్లో అంతమంది ముందు ఆ మాట కలిపింది తనే.

దిద్దడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. చివరి గడి తర్వాత ఒక్క అడుగు వరకూ పోనిచ్చి, అక్కడ ముట్టుకుంటే మాత్రమే ఆపేలా మార్చింది. ఆ అడుగు పక్క వరస మొదటి గడి మీద పడకుండా, ప్రతి వరస చివరా కాస్త ఖాళీ వదిలింది. తర్వాత అచ్యుతరావు గారి ప్రోగ్రాం పెట్టింది. సాయంత్రం దాకా నడిచింది, రాత్రంతా నడిచింది. ఎక్కడా ఆగలేదు. అందులో తప్పు లేదు. ఎప్పుడూ లేదు.

వెంటనే చెప్పాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు. మెసేజ్ రాసింది, చెరిపేసింది. 'చిన్న సవరణ సార్' అని మొదలుపెట్టింది, ఆ మాటకి తనకే సిగ్గేసింది. నేరుగా వెళ్లి చెప్పడం మర్యాద అనుకుంది. పేపర్ పంపించాక వెళ్దామనుకుంది. తర్వాత వాళ్ల చర్చి సంఘంలో ఏదో కూడిక అడ్డొచ్చిందనుకుంది. తెర ముందు నిలబడి ఆయన కళ్లజోడు తోసుకోవడం గుర్తొచ్చినప్పుడల్లా చేతిలో ఉన్న పని వదిలేసి లేచి నిలబడేది. అయినా ఫోన్ మాత్రం చెయ్యలేదు. అలా రెండు వారాలు గడిచాయి.

చివరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి బయట చెప్పులు వేసుకుంటూనే ఫోన్ చేసింది. ఆయన భార్య వెంకటనరసమ్మ గారు ఎత్తారు.

"ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్లేరమ్మా. కైకలూరు అవతల ఎలీయాజరు గారని ఒకాయన ఉన్నారు, ఆయన్ని పలకరించడానికి చెరువుకాడికి వెళ్లేరు. డబ్బాలన్నీ ఊడదీసి తెచ్చేస్తున్నారు కదా. నీకు తెలీదా?"

"ఎందుకండీ?"

"అదేంటమ్మా, తప్పు నువ్వే కనిపెట్టేవంట కదా! ఎవరికైనా నష్టం రాకముందే పిల్ల చెప్పింది, మంచిదైంది అన్నారు. కానీ మనిషి సరిగ్గా తిండి తినట్లేదమ్మా. ఆ లైను కాగితం మీద రాసుకుని పొద్దస్తమానం దాన్నే చూస్తారు. 'పిల్లకి కనపడింది, నాకు కనపట్లేదు నరసా' అంటారు. ఇంక నా బుర్ర పనికిరాదంటారు. నువ్వోసారి వచ్చి ఆయనకి అర్థమయ్యేటట్టు చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది."

వస్తున్నానండీ అంది కెజియా.

రైల్లో ఏలూరు, అక్కణ్ణుంచి కొల్లేటి మీదుగా కైకలూరు బస్సు. కిటికీ పక్కన కూర్చుని చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. ఒక్క మాటా నిలవలేదు. కైకలూరులో ఆటో ఎక్కి ఆటపాక దాటాక దిగి, దారి అడుగుతూ చెరువు గట్ల మీద నడిచింది.

ఎలీయాజరు గారి చెరువు దూరం నుంచే వాసన కొట్టింది. నీళ్లు సగం తోడేసి ఉన్నాయి. ఏరేటర్లు గట్టు మీదికి లాగేసి ఉన్నాయి. కంపు పోవడానికి ఒడ్డు పొడుగునా సున్నం చల్లారు. తాటాకు పాకలో నులకమంచం మీద అచ్యుతరావు గారు కూర్చుని ఉన్నారు. ఎదురుగా పీట మీద ఆయన వయసు వాడే, నల్లగా ఎండిపోయిన మనిషి ఎలీయాజరు.

"కెజియా! నువ్వేంటమ్మా ఇక్కడ?" అని ఆయన గబుక్కున లేచారు. "ఎలీయాజరు గారూ, నేను చెప్పేనే, ఆ తప్పు కనిపెట్టిన పిల్ల ఈ అమ్మాయే."

"వందనాలమ్మా. కూర్చో," అన్నాడు ఎలీయాజరు.

ఆమె కూర్చోలేదు. "చెరువు ఏమైందండీ?" అని అడిగింది.

"పోయిందమ్మా, పోయిన బుధవారం. డబ్బా ఉన్నన్నాళ్లూ అదే లేపేది నన్ను. సార్ గారు తీసుకెళ్లేక నేనే కాపలా కూచున్నాను. ఆ రోజు బాగా మబ్బేసింది. తెల్లారగట్ల కునుకు పట్టేసింది. లేచేటప్పటికి రొయ్యంతా ఒడ్డుకి కొట్టుకొచ్చేసింది." అతను ఎటో చూస్తూ చెప్పాడు. "ఎవర్నీ అనడానికి లేదమ్మా. నిద్రపోయింది నేను. పిల్లల మొహం చూళ్లేకపోతున్నాను."

"మీరలా అనకండి," అన్నారు అచ్యుతరావు గారు. "తప్పులున్న డబ్బా తెచ్చి, నమ్మమని చెప్పి, మీ చేత నిద్రపోవడం అలవాటు చేయించింది నేను. సిగ్గుపడాల్సింది నేను."

ఇద్దరు పెద్దవాళ్లూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఈ ఇద్దరిలో ఎవరు సిగ్గుపడటానికీ ఏ కారణమూ లేదు.

"మీ ప్రోగ్రాంలో తప్పు లేదండీ సార్," అంది కెజియా.

ఆయన తలెత్తారు.

"తప్పు నా కంపైలర్‌లో ఉందండీ. పాయింటర్ చివరి గడి దాటి ఒక్క అడుగు నిలబడింది, అంతే. ఏమీ చదవలేదు. చదివిందని నేను అనేశానండీ. నిలబడినంత మాత్రానికే అరిచేటట్టు రాశాను. నియమం నేను సరిగ్గా చూసుకోలేదు."

అచ్యుతరావు గారి పెదవులు కదిలాయి. "నిలబడొచ్చు, చదవకూడదు," అన్నారు మెల్లగా. "క్లాసులో చెప్పేవాణ్ణి నేను. ఆ రోజు తెర ముందు కూడా అదే అనుకున్నాను. నువ్వు చదువుతోందన్నావు కదమ్మా. నా కళ్లకి ఆనట్లేదేమో అనుకున్నాను."

ఎలీయాజరు ఇద్దరి మొహాలూ చూశాడు. "నాకర్థం కాలేదమ్మా."

"ఒకాయన తన చెరువు గట్టు చివరిదాకా నడిచి నిలబడ్డాడండీ. పక్క చెరువులో దిగలేదు. నేను దొంగ దొంగ అని కేకలేశాను."

"అంటే డబ్బా మంచిదేనా?"

"మంచిదేనండీ."

"మరెందుకు తీయించేరు?"

"నా వల్లేనండీ," అంది కెజియా.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు అచ్యుతరావు గారు. గొంతులో కోపం లేదు, లెక్క సరిచూసుకునే మాస్టారి గొంతు అది.

"రెండు వారాలైందండీ."

ఎలీయాజరు చప్పున చెరువు వైపు చూశాడు. చెరువు పోయి నాలుగు రోజులేనని అందరికీ తెలుసు. పోయిన బుధవారం అని విన్నప్పుడు కెజియా ఆ లెక్క వేసుకోలేదు. ఇప్పుడు పడింది.

"సెమినార్‌కి ముందు నడిపి చూసేవా, లేకపోతే అక్కడే మొదటిసారా?"

అబద్ధం చెప్పడానికి అదొక్కటే మిగిలింది. అక్కడే మొదటిసారండీ అంటే ఆయన నమ్ముతారు.

"ముందు రోజు చూశానండీ. మీకు ఫోన్ చేద్దామనుకుని మానేశాను. అందరి ముందూ చూపించాలనిపించింది."

అచ్యుతరావు గారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"ఆ పూట ఫోన్ చేసుంటే అప్పుడే చెప్పేవాణ్ణి కదండీ మీకు," అన్నారు. "రెండు నిమిషాల్లో తేలిపోయేది."

ఇన్నేళ్లలో ఆయన ఆమెని మీరు అనడం అదే మొదలు. ఏ తిట్టు తిట్టినా ఆమె అంతలా కుంగిపోయేది కాదు.

ఎలీయాజరు లేచి బయటికి వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో చెంబు ఉంది. ఆమె మొహంలోకి చూడకుండానే, "ఎండన పడొచ్చేవు. మంచినీళ్లు తాగి వెళ్లమ్మా," అన్నాడు. ఆమె ఆ నీళ్లు మొత్తం తాగింది.

తిరుగు బస్సులో అచ్యుతరావు గారు ముందు సీట్లో కూర్చున్నారు. కెజియా వెనక సీట్లో కూర్చుని ఏలూరు దాకా ఆయన మెడ మీద ఎండకి కమిలిన చర్మం చూస్తూ వచ్చింది.

సోమవారం పద్మప్రియ మేడమ్‌కి అంతా చెప్పింది. మేడమ్ నుదురు రుద్దుకున్నారు. "సరిచేసేసేవు కదా. కొత్త ఫలితాలు పేపర్లో పెట్టు. సెమినార్‌లో ఏమన్నామో ఎవరికి గుర్తుంటుంది?"

"ఆయనకి గుర్తుందండీ. నవ్విన వాళ్లకి కూడా ఉంటుంది."

ఆ వారం సెమినార్‌లో ఇంకెవరో మాట్లాడాల్సి ఉంటే, మొదట అయిదు నిమిషాలు అడిగి తీసుకుంది. పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి అచ్యుతరావు గారి ప్రోగ్రాం నడిపి చూపించింది. తప్పు తనదని చెప్పింది. ముందు రోజే చూసి దాచిన సంగతీ, తెలిశాక రెండు వారాలు ఊరుకున్న సంగతీ, ఒక చెరువు పోయిన సంగతీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు జోకు వేసినతను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. చెప్పేస్తే గుండె తేలికపడుతుందని ఎక్కడో ఆశ ఉండేది ఆమెకి. అలాంటిదేమీ జరగలేదు. తన తర్వాత మాట్లాడే కుర్రాడు మైకు కోసం చెయ్యి చాపాడు, ఇచ్చి కూర్చుంది.

డబ్బాలు మళ్లీ పెట్టే పని మొదలైంది. కెజియా సెలవు దొరికినప్పుడల్లా ఏలూరు వెళ్లి సంచి మోసేది. ఆయన వద్దనలేదు, రమ్మనీ అనలేదు. "ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇస్తారా," "వైరు కాస్త వదులుగా పట్టుకోండి," ఇంతవరకే మాట్లాడేవారు. కొందరు రైతులు సంతోషంగా పెట్టించుకున్నారు. కొందరు మాత్రం, ఒకసారి తప్పుందని తీసుకెళ్లారు, ఇప్పుడు లేదంటున్నారు, రేపేమంటారోనని గుమ్మంలోంచే పంపేశారు. అలాంటప్పుడు ఆయన కంటే ముందు కెజియా చెప్పేది, తీయించింది తనేనని. విన్నవాళ్లు ఆమెని పైనుంచి కిందికి చూసేవారు.

ఎలీయాజరుని ఇద్దరూ అడగలేదు. చెరువు ఎండగట్టి, మళ్లీ నీళ్లు పెట్టి, రొయ్య పిల్ల వదిలాక అతనే కబురు చేశాడు. వెళ్లేసరికి ఏరేటర్లు నీళ్లలో తిరుగుతున్నాయి. కెజియా మోకాళ్ల దాకా దిగి, కొలిచే కడ్డీని వెదురు గుంజకి కట్టింది. అచ్యుతరావు గారు గట్టు మీద డబ్బా బిగించి, మీట వేసి చూశారు. ఎలీయాజరు జేబులో ఫోన్ మోగింది. అతను తీసి చూసి, ఆపి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"బాగుందండీ. ఉంచండి," అన్నాడు.

"ఇంక మీరు హాయిగా పడుకోవచ్చండీ," అంది కెజియా, నీళ్లలో నిలబడే. ఆ మాట ఎందుకందో ఆమెకే తెలియదు.

అతను ఆమె వంక నెమ్మదిగా చూశాడు. "లేదమ్మా," అన్నాడు. "డబ్బా దాని పని అది చేసుకుంటుంది. నేను మట్టుకు పడుకోను."

అని, మేత బస్తా భుజానికెత్తుకుని గట్టు వెంట వెళ్లిపోయాడు. అచ్యుతరావు గారు సంచి సర్దుకుంటున్నారు. కెజియా నీళ్లలోంచి పైకి రావడానికి గట్టు మట్టి పట్టుకుంది. తడి మట్టి జారుతోంది. ఆయన అటు నుంచి ఒక్క క్షణం చూసి, సంచి కింద పెట్టి, చెయ్యి అందించారు.

"నెమ్మదండీ," అన్నారు.